కాటన్ జిన్ కథ సగమే రాసారు ఎడిటర్ గారూ

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్ పిల్లల పేజీలో అమెరికాకి చెందిన ఎలీ విట్నీ గురించి, ఆయన చేసిన కాటన్ జిన్ (పత్తిలోంచి గింజ తీసే మెషీన్) గురించి వేసిన వ్యాసం చదివాను. బొమ్మ బాగుంది, మెషీన్ ఎలా తిరుగుతుందో కూడా పిల్లలకి అర్థమయ్యేలా రాసారు, అందుకు థాంక్స్. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది, ఈ మెషీన్ వచ్చాక పత్తి పొలాల్లో బానిసల కష్టం తగ్గిపోయింది అని. అది తప్పండి. చిన్న తప్పయితే ఊరుకునేదాన్నే, కానీ ఇది జరిగినదానికి పూర్తిగా రివర్స్. నేను మెకానికల్ సబ్జెక్ట్ చెప్పే దాన్ని, మెషీన్లంటే ప్రాణం, అందుకే ఈ మెషీన్ గురించి పిల్లలకి సగం చెప్పి వదిలేస్తే మనసొప్పక ఇంత పొడుగు లెటర్ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మెషీన్ సంగతి. పత్తి పొలం నుంచి తెచ్చాక అందులో దూది కంటే గింజల బరువే ఎక్కువ ఉంటుంది, వంద కేజీల పత్తిలో దూది సుమారు మూడో వంతే, మిగతాది దాదాపు అంతా గింజే. ఆ గింజని తీస్తే గానీ దూదిని ఏకడం, వడకడం కుదరదు. పత్తిలో రకాలున్నాయి. పొడుగు పింజ (దూది పోగు) ఉండి, గింజ నల్లగా నున్నగా ఉండే రకం అయితే గింజ తేలిగ్గా ఊడొస్తుంది. పొట్టి పింజ రకంలో గింజ ఆకుపచ్చగా ఉండి దాని ఒంటి నిండా నూగు ఉంటుంది, దూది దాన్ని గట్టిగా పట్టుకుని వదలదు. అమెరికాలో 1780ల చివర్లో సీ ఐలాండ్ కాటన్ అనే నల్ల గింజ రకం వేసేవాళ్ళు కానీ అది జార్జియా, సౌత్ కరోలినా సముద్రపు ఒడ్డున, అక్కడి దీవుల్లో తప్ప లోపలి నేలల్లో సరిగ్గా పండేది కాదు. లోపల పండేది పొట్టి పింజ రకం. దాన్ని చేత్తో శుభ్రం చెయ్యాలంటే ఒక మనిషి రోజంతా కూర్చుంటే ఒక పౌండు (సుమారు అరకేజీ) దూది వచ్చేది, అంతే. అంటే పొలంలో ఎంత పండినా గింజ తీసే దగ్గర మొత్తం ఆగిపోయేది.

ఇక్కడ మీ వ్యాసంలో ఇంకో విషయం వదిలేసారు. గింజ తీసే మెషీన్ ప్రపంచంలో మొదటిసారి విట్నీ చేసింది కాదు. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటే మధ్యలోంచి దూది అవతలికి వెళ్ళిపోయి గింజ ఇవతలే ఉండిపోయే చేతి మెషీన్, చర్ఖీ అంటారు, అది మన దేశంలో విట్నీకి కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. దానికంటే పాతది ఒకే రోలర్‌తో చేసే పద్ధతి, పలక మీద పత్తి పెట్టి రోలర్ దొర్లిస్తారు, అజంతా గుహల్లో 5వ శతాబ్దం నాటి చిత్రంలో అలాంటిది ఉందని చరిత్రకారులు గుర్తించారు. పొందూరులో అయితే వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే పని ఇప్పటికీ చూడొచ్చు. విట్నీ నాటికి అమెరికాలో కూడా రోలర్ జిన్లు వాడుకలో ఉన్నాయి, సీ ఐలాండ్ పత్తికి అవే వాడేవాళ్ళు. కాకపోతే ఆ రోలర్లు నున్నటి గింజకి పనికొస్తాయి, నూగు గింజకి అంత బాగా పనిచెయ్యవు. విట్నీ చేసింది ఈ నూగు గింజ పత్తికి సరిపోయే వేరే రకం మెషీన్. అది నిజంగా గొప్ప పనే, నేను కాదనట్లేదు, కానీ ఆయనకి ముందు ఏమీ లేదు అన్నట్టు రాస్తే మన దేశంలో ఆ చర్ఖీ చేసిన పేరు తెలియని వడ్రంగులందరినీ కొట్టేసినట్టే కదా.

విట్నీ మెషీన్ మెకానిజం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక చెక్క సిలిండర్, దాని చుట్టూ వరసలు వరసలుగా ఇనుప తీగల కొక్కేలు. దాని ముందు సన్నటి చీలికలున్న ఒక అడ్డు. చీలిక ఎంత సన్నమంటే కొక్కెం పడుతుంది, దూది పడుతుంది, గింజ మాత్రం పట్టదు. సిలిండర్ తిప్పితే కొక్కేలు దూదిని పట్టుకుని చీలికల్లోంచి అవతలికి లాగేస్తాయి, గింజ ఇవతలే రాలిపోతుంది. వెనకాల బ్రష్షులున్న ఇంకో సిలిండర్ ఎదురు దిశలో ఇంకా స్పీడుగా తిరుగుతూ కొక్కేలకి పట్టిన దూదిని ఊడ్చేస్తుంది, లేకపోతే నాలుగు చుట్లు తిరిగేసరికి కొక్కేలు దూదితో పూడుకుపోయి మెషీన్ ఆగిపోతుంది. ఆ బ్రష్షే లేకపోతే ఈ మెషీన్ లేదు. ఒక మనిషి తిప్పే మెషీన్‌తో రోజుకి 50 పౌండ్ల దాకా దూది వచ్చేది. పిల్లి కంచె సందులోంచి కోడిని లాగబోతే ఈకలే వచ్చాయి, అది చూసి విట్నీకి ఐడియా వచ్చింది అని మీరు రాసిన కథ జనం చెప్పుకునే కథే, చరిత్రగా రాయకుండా ఉంటే బాగుండేది.

అసలు ఆయన అక్కడికి మెషీన్ కనిపెట్టడానికి వెళ్ళలేదు. 1765లో మసాచుసెట్స్‌లో పుట్టి, 1792లో యేల్‌లో చదువు పూర్తి చేసి, ట్యూటర్ ఉద్యోగం కోసం దక్షిణాదికి వెళ్ళాడు. ఆ ఉద్యోగం కుదరలేదు, జార్జియాలో సవన్నా దగ్గర మల్బరీ గ్రోవ్ అనే ప్లాంటేషన్‌లో ఉండిపోయాడు. ఆ ప్లాంటేషన్ జనరల్ నథానియెల్ గ్రీన్ భార్య క్యాథరిన్ గ్రీన్‌ది, అప్పటికి ఆవిడ భర్త చనిపోయారు. అక్కడ మేనేజర్ ఫినియస్ మిల్లర్, ఇతనూ యేల్ వాడే. 1793లో మెషీన్ మోడల్ తయారైంది, 1794 మార్చి 14న పేటెంట్ వచ్చింది. బ్రష్ ఐడియా క్యాథరిన్ ఇచ్చిందే అని తర్వాత కాలంలో కొందరు రాసారు, ఇచ్చిందో లేదో గట్టి ఆధారం లేదు గానీ ఆవిడ ఇంట్లో ఉండి ఆవిడ ప్రోత్సాహంతో ఆ పని జరిగింది అన్నది మాత్రం నిజం, మీ వ్యాసంలో ఆవిడ పేరే లేదు. అలాగే ఆ ఇంటి చుట్టూ పొలంలో పనిచేసిన వాళ్ళు బానిసలు అన్న మాట కూడా లేదు.

పేటెంట్ వచ్చాక విట్నీ కోటీశ్వరుడైపోయాడు అని రాసారు. కాలేదండి. విట్నీ, మిల్లర్ ఇద్దరూ మెషీన్ అమ్మకుండా తామే రైతుల పత్తి శుభ్రం చేసి కూలీ కింద దూదిలో ఐదింట రెండు వంతులు తీసుకుంటాం అన్నారు, అంటే 40 శాతం. ఎవరు ఒప్పుకుంటారు? మెషీన్ చూస్తే సింపుల్, కాస్త చెయ్యి తిరిగిన కమ్మరి, వడ్రంగి ఎవరైనా చేసేయొచ్చు, చేసేసారు కూడా. 1795లో న్యూ హేవెన్‌లో విట్నీ వర్క్‌షాప్ తగలబడింది. 1796లో హాడ్జెన్ హోమ్స్ అనే ఆయన తీగ కొక్కేల బదులు రంపం పళ్ళున్న చక్రాలు పెట్టి వేరే పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత సా జిన్ అని ప్రపంచమంతా పాకింది ఆ రంపం పళ్ళ డిజైనే. కేసుల మీద కేసులు నడిచాయి, పేటెంట్ గడువు అయిపోయే 1807 దగ్గరికి వచ్చాక గానీ కోర్టులో విట్నీకి గట్టి గెలుపు రాలేదు. సౌత్ కరోలినా రాష్ట్రం 50 వేల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, అది పెద్ద మొత్తమే గానీ ఖర్చులకీ లాయర్లకీ పోగా మిగిలింది తక్కువ. 1812లో పేటెంట్ పొడిగించమని కాంగ్రెస్‌ని అడిగితే కుదరదన్నారు. ఆయనకి బతుకు నిలబెట్టింది తుపాకుల కాంట్రాక్టు, 1798లో ప్రభుత్వం 10 వేల తుపాకులకి ఇచ్చిన ఆర్డరు. 1825లో చనిపోయాడు.

ఇదంతా విట్నీ కథ. ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది రాస్తాను.

మెషీన్ ఒక పనిని 50 రెట్లు ఫాస్ట్ చేసింది అనుకోండి. మిగతా పనులు? దుక్కి దున్నాలి, గింజ వెయ్యాలి, మొక్కలు పల్చన చెయ్యాలి, కలుపు తియ్యాలి, పత్తి ఏరాలి. వీటిలో ఒక్కటి కూడా జిన్ చెయ్యదు. ముఖ్యంగా ఏరడం, అది వేళ్ళతో చేసే పని, ఎండిన కాయ తొడిమల మొనలు గుచ్చుకుంటూ ఒక్కో కాయలోంచి దూదిని లాగాలి, నెలల తరబడి. ఇంతకుముందు గింజ తీసే దగ్గర పని ఆగిపోయేది కాబట్టి ఎక్కువ ఎకరాలు వేసి లాభం లేదు. ఇప్పుడు ఆ అడ్డు తీసేసారు. అడ్డు తీసేస్తే ఏమవుతుంది, ఎన్ని ఎకరాలైనా వెయ్యొచ్చు, ఎంత పండినా మెషీన్ మింగేస్తుంది, మరి ఏరేది ఎవరు? ఇంకా మనుషులు కావాలి. చాలా మంది కావాలి. జీతం లేని మనుషులు కావాలి, ఎందుకంటే ఎదిరించి మాట్లాడే హక్కు లేని వాళ్ళ చేత మాత్రమే అంత పని అంత చవకగా చేయించుకోగలరు. మెషీన్ కష్టాన్ని తగ్గించలేదండి, గింజ దగ్గర నుంచి తీసుకెళ్ళి పొలంలో పెట్టింది, పెట్టి ఎన్నో రెట్లు పెంచింది. మా సబ్జెక్టులో దీన్ని బాటిల్‌నెక్ పక్కకి జరగడం అంటాం, ఒక చోట ఇరుకు తీస్తే ఇంకో చోట ఇరుకు పడుతుంది అని. క్లాసులో బోర్డు మీద గీసి చెప్పడానికి బాగుంటుంది కానీ ఇక్కడ ఆ ఇరుకులో పడి నలిగింది మనుషుల ఒళ్ళు.

అంకెలు చూడండి. 1790లో అమెరికాలో పండిన పత్తి సుమారు 3 వేల బేళ్ళు (నొక్కి కట్టిన దూది మూటలు). 1860కి సుమారు 40 లక్షల బేళ్ళు. 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 7 లక్షల మంది. 1860 లెక్కల్లో దాదాపు 40 లక్షల మంది. ఈ రెండు జతల అంకెలు పిల్లల పేజీలో పక్కపక్కన వేస్తే చాలు, వ్యాఖ్యానం ఏమీ అక్కర్లేదు, పదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది.

ఇంకో సంగతి, బయటి దేశాల నుంచి బానిసల్ని తేవడాన్ని అమెరికా 1808 జనవరి 1 నుంచి నిషేధించింది. మరి పత్తి పొలాలకి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? దేశం లోపలి నుంచే. వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత పొగాకు రాష్ట్రాల్లో నేల సారం తగ్గిపోయి అక్కడి యజమానులకి బానిసల అవసరం తగ్గింది, వాళ్ళు తమ దగ్గరున్న మనుషుల్ని కింద అలబామా, మిసిసిపీ, లూసియానా పత్తి పొలాలకి అమ్మేయడం మొదలుపెట్టారు. దాదాపు పది లక్షల మందిని ఇలా ఎగువ రాష్ట్రాల నుంచి దిగువ రాష్ట్రాలకి తరలించారు, కొందర్ని ఓడల్లో, చాలా మందిని గొలుసులు వేసి వందల మైళ్ళు నడిపించి. భర్త ఒక చోటికి, భార్య ఇంకో చోటికి, పిల్లలు మరో చోటికి. బానిసల పెళ్ళికి చట్టంలో విలువ లేదు కాబట్టి విడదీయడానికి అడ్డేమీ లేదు. పత్తి రేటు పెరిగితే మనిషి రేటు పెరిగేది. ఆ పొలాలు కూడా ఖాళీగా పడి ఉన్నవి కావు, చెరోకీ, క్రీక్, చాక్టా, చికసా జాతుల వాళ్ళవి, 1830లో చట్టం చేసి మరీ వాళ్ళని వాళ్ళ నేల మీద నుంచి పశ్చిమానికి తరిమేసారు, దారిలో వేల మంది చనిపోయారు. ఆ నేల ఖాళీ చేయించిన వెంటనే పత్తి వేసారు.

సాలమన్ నార్తప్ అనే ఆయన గురించి మీకు తెలిసే ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, పెళ్ళాం పిల్లలున్న వాడు, 1841లో పని ఇప్పిస్తామని మోసం చేసి కిడ్నాప్ చేసి లూసియానాకి అమ్మేసారు, 1853లో బయటపడ్డాడు. బయటికొచ్చాక తను చూసింది చూసినట్టు రాసాడు. అందులో జిన్ హౌస్ గురించి ఉంది, మీరు పిల్లల పేజీలో బొమ్మ వేసిన ఆ మెషీన్ ఉండే ఇల్లే. పొద్దు పోయాక రోజంతా ఏరిన పత్తి బుట్టని అక్కడికి తీసుకెళ్ళాలి, అక్కడ తూకం. మామూలు రోజుకి 200 పౌండ్లు లెక్క. తక్కువ వస్తే కొరడా దెబ్బలు. సరే ఎక్కువ తెస్తే మంచిదేగా అనుకుంటాం, కాదు, ఎక్కువ తెస్తే ఈ మనిషి ఇంత ఏరగలదు అని తెలిసిపోయి రేపటి నుంచి అదే లెక్క అయిపోతుంది. తక్కువైనా భయమే, ఎక్కువైనా భయమే. ఎంత అలిసిపోయి ఉన్నా, ఎంత నిద్ర ముంచుకొస్తున్నా, బుట్టతో జిన్ హౌస్ దగ్గరికి వెళ్ళేటప్పుడు భయపడకుండా వెళ్ళిన వాడు లేడు అని రాసాడు ఆయన. ఆ తూకం అయ్యాక కూడా పడుకోవడం ఉండదు, పశువులకి మేత వెయ్యాలి, కట్టెలు కొట్టుకోవాలి, మర్నాటి తిండి కోసం మొక్కజొన్న పిండి విసురుకోవాలి.

కష్టం తగ్గింది అని రాసిన మీ రచయిత ఇది చదివి ఉంటే ఆ వాక్యం రాసేవారు కాదని నా నమ్మకం.

జిన్ దగ్గర పనిచేసిన వాళ్ళయినా సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. రంపం పళ్ళ మధ్య చెయ్యి పడితే చెయ్యి పోవడమే. దుమ్ము, నూగు ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఎండు దూది, చిన్న నిప్పురవ్వ పడితే ఇల్లంతా మంట. మెషీన్ చెడితే బాగుచేసిన వాళ్ళలో, కొత్తవి తయారుచేసిన వాళ్ళలో కూడా చాలా మంది బానిసలే, కమ్మరులు, వడ్రంగులు, పనితనం ఉన్న వాళ్ళు. అలబామాలో డేనియల్ ప్రాట్ అనే ఆయన జిన్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ పెట్టి, ఆయన పేరు మీద ప్రాట్‌విల్ అని ఊరే వెలిసింది, ఆ ఫ్యాక్టరీలో కూడా బానిసలు పనిచేసారు. అంటే ఈ మెషీన్ మెకానిక్స్ తెలిసిన వాళ్ళు వాళ్ళలో బోలెడు మంది. మరి వాళ్ళు ఏమీ కనిపెట్టలేదా?

కనిపెట్టారు. మిసిసిపీలో నెడ్ అనే బానిస ఉండేవాడు, కమ్మరి పని చేసేవాడు. పత్తి చేలో కలుపు గీకడానికి ఒకేసారి రెండు వైపులా పనిచేసే స్క్రేపర్ తయారుచేసాడు. 1857లో అతని యజమాని ఆస్కర్ స్టువర్ట్ ఆ పేటెంట్ నాకివ్వండి అని అప్లై చేసాడు, బానిస నావాడు కాబట్టి బానిస బుర్ర కూడా నాదే అన్నది అతని వాదన. పేటెంట్ ఆఫీసు ఒప్పుకోలేదు, కనిపెట్టింది నువ్వు కాదు కదా అంది. పోనీ నెడ్‌కి ఇచ్చారా అంటే అతను పౌరుడే కాదు, పేటెంట్‌కి పౌరుడిగా ప్రమాణం చెయ్యాలి, అదే 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీం కోర్టు నల్లజాతి వాళ్ళు పౌరులు కారు అని తీర్పిచ్చింది. 1858లో అటార్నీ జనరల్ జెరెమయా బ్లాక్ తేల్చి చెప్పాడు, బానిస కనిపెట్టినదానికి బానిసకీ పేటెంట్ రాదు, యజమానికీ రాదు అని. స్టువర్ట్ మాత్రం పేటెంట్ లేకుండానే ఆ స్క్రేపర్ తయారుచేసి అమ్ముకున్నాడు, పైగా బానిస కనిపెట్టిన పరికరం అంటేనే తెలుస్తోంది కదా బానిసత్వం మనిషి బుర్రని తొక్కెయ్యదని, అనే వాదన కూడా ఆ ప్రచారంలో వాడుకున్నారు. నెడ్‌కి ఏమైనా దక్కిందా అన్న ఊసే ఎక్కడా లేదు. తర్వాత 1861లో దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి సొంత పేటెంట్ చట్టం రాసుకున్నప్పుడు అందులో బానిస కనిపెట్టినదానికి యజమాని పేటెంట్ తీసుకోవచ్చు అని ప్రత్యేకంగా రాసుకున్నారు. విట్నీ తన మెషీన్‌ని అందరూ కాపీ కొట్టేసారని బాధపడ్డాడు, న్యాయమే, కానీ ఆయనకి కోర్టుకి వెళ్ళే హక్కయినా ఉంది. ఈ రెండు జీవితాలూ ఒకే పేజీలో వేస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

ఇది చదివి మీరు నన్ను మెషీన్లకి వ్యతిరేకిని అనుకోవద్దు. తప్పంతా జిన్‌దే అని నేను అనట్లేదు. ఇంగ్లండులో నూలు వడికే కొత్త మెషీన్లు అంతకుముందే వచ్చేసాయి, ఆర్క్‌రైట్‌ది 1769, క్రాంప్టన్‌ది 1779, వాటికి ఎంత దూది పోసినా చాలేది కాదు, 1860 దగ్గరికి వచ్చేసరికి బ్రిటన్ మిల్లులకి వెళ్ళే పత్తిలో ముప్పావు వంతుకి పైగా అమెరికాదే. విట్నీ లేకపోతే ఇంకొకరు చేసేవారు, హోమ్స్ రెండేళ్ళలోనే చేసాడు కదా. జిన్ రాకపోతే బానిసత్వం దానంతటదే పోయేది అని కొందరంటారు, నేనైతే ఒప్పుకోను, మనిషిని అమ్ముకునే హక్కు చట్టంలో ఉన్నంత కాలం ఆ మనిషికి ఏదో ఒక పని వెతుకుతారు. నేను చెప్పేది ఏంటంటే, మెషీన్ వల్ల ఆదా అయిన శ్రమ ఎవరి ఖాతాలో పడుతుంది అనేది మెషీన్‌లో రాసి ఉండదు, దాని చుట్టూ ఉన్న చట్టం, భూమి ఎవరిది, పనిచేసేవాడికి కాదనే హక్కు ఉందా లేదా, ఇవి తేలుస్తాయి. అక్కడ ఆ హక్కు లేదు కాబట్టి ఆదా అయిన శ్రమ అంతా యజమాని లాభంగా, పనిచేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ ఎకరాలుగా మారింది. 1858లో సౌత్ కరోలినా సెనేటర్ జేమ్స్ హామండ్ సెనేట్‌లో నిలబడి పత్తే రాజు, దాని మీద యుద్ధం చేసే ధైర్యం ఎవరికీ లేదు అన్నాడు. మూడేళ్ళకే ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చింది.

1865లో యుద్ధం అయిపోయి బానిసత్వం రద్దయ్యాక కూడా పత్తి చేత్తోనే ఏరారు, అదే పొలాల్లో, చాలా మంది అదే కుటుంబాల వాళ్ళు, ఈసారి కౌలు పేరుతో, అప్పుల్లో మునిగి. ఏరే మెషీన్ కోసం చాలా మంది ప్రయత్నించారు. రస్ట్ అన్నదమ్ములు చేసిన పికర్‌ని 1936లో మిసిసిపీలో జనం ముందు నడిపించి చూపించారు. 1944లో మిసిసిపీలోనే ఒక ప్లాంటేషన్‌లో నాటడం నుంచి బేలు కట్టడం దాకా మొత్తం మెషీన్లతోనే ఒక పంట తీసారు. విట్నీ మోడల్ 1793, ఇది 1944, లెక్కేసుకోండి, గింజ తీసే మెషీన్‌కీ మొత్తం మెషీన్లతోనే తీసిన పంటకీ మధ్య 151 ఏళ్ళు, ఆ 151 ఏళ్ళూ ఆ ఖాళీని నింపింది నల్లజాతి వాళ్ళ చేతులే ఎక్కువగా. జాన్ రస్ట్ గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది, తన మెషీన్ వస్తే పొలాల్లో లక్షల మందికి పని పోతుంది, వాళ్ళేమైపోతారు అని ఆయన ముందే బెంగపడ్డాడు, మెషీన్ కొనేవాళ్ళకి కూలీల విషయంలో షరతులు పెట్టాలని చూసాడు. అది సాగలేదు, పికర్లు వచ్చేసాయి, జనం ఊళ్ళు వదిలి ఉత్తరాది సిటీలకి వెళ్ళిపోయారు. కానీ మెషీన్ చేసేవాడు దాని తర్వాత జరగబోయేది కూడా ఆలోచించాలి అన్న ఎరుక ఆయనకి ఉంది. పిల్లలకి ఇన్వెంటర్ల గురించి చెప్పేటప్పుడు ఈయన గురించి కూడా చెప్పండి.

పక్క విషయం ఒకటి, మన దేశంలో ఇప్పుడు జిన్నింగ్ మిల్లుల్లో ఎక్కువగా కనపడే డబుల్ రోలర్ మెషీన్ విట్నీ వంశం కాదు. 1840లో ఫోన్స్ మెకార్తీ అనే ఆయన పేటెంట్ తీసుకున్న రోలర్ జిన్ నుంచి వచ్చింది. రంపం పళ్ళ జిన్ స్పీడు ఎక్కువ గానీ పింజని కొంత తెంపుతుంది, రోలర్ నెమ్మదిగా వెళ్ళినా పింజని కాపాడుతుంది. మీ వ్యాసంలో ప్రపంచంలో జిన్లన్నీ విట్నీ డిజైనే అని ఉంది, వీలుంటే అది కూడా సరిచెయ్యండి.

నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. కష్టం తగ్గిపోయింది అన్న వాక్యం తప్పు అని అదే పిల్లల పేజీలో, అదే సైజు అక్షరాలతో సవరణ వెయ్యండి, లోపల ఎక్కడో మూల చిన్న డబ్బాలో కాదు. ఆ వ్యాసం చదివిన పిల్లలు రేపు స్కూల్లో ప్రాజెక్ట్ రాస్తే అదే వాక్యం ఎత్తి రాస్తారు, టీచర్లు టిక్ పెడతారు, నాకు తెలుసు ఎందుకంటే అలాంటి ప్రాజెక్టులు దిద్దేది మాలాంటి వాళ్ళమే. వీలైతే 1790, 1860 అంకెలు వెయ్యండి, నెడ్ గురించి నాలుగు లైన్లు రాయండి.

లెటర్ పొడుగైంది, మొత్తం వెయ్యడానికి చోటు ఉండదని తెలుసు. కట్ చెయ్యాల్సి వస్తే విట్నీ పేటెంట్ గొడవ, రోలర్ల సంగతి తీసేయండి, పర్లేదు. జిన్ హౌస్ దగ్గర తూకం గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, మెకానికల్ లెక్చరర్